సున్నపు గీతల మీద గోదాం

త్రివేణి తాత ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి రాంచీ వైపు ఉన్న ఉక్కు కార్ఖానాలో కూలికి వచ్చి, అక్కడి భాలుబాసా పేటలో గది తీసుకుని ఉండిపోయాడు. ఆమె పుట్టింది, పెరిగింది, పెళ్లయి కాపురం పెట్టింది అంతా ఆ పేటలోనే. ఇప్పుడామెకు నలభై ఆరేళ్లు. ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో, లారీల విడిభాగాలు నిల్వచేసి పంపే గోదాంలో సూపర్‌వైజరు. పందొమ్మిదేళ్ల కిందట అట్టపెట్టెలకు టేపు అంటించే పనిలో చేరిన మనిషి, ఇవాళ అరవైమందికి పని పంచుతోంది. గట్టిగా అరవడం ఆమెకు చేతకాదు. ఎవరి పనైనా వెనకబడితే పక్కన చేరి తనూ నాలుగు పెట్టెలు కట్టి, అప్పుడు అడుగుతుంది, ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని.

ఆ గోదాం రేకులు పాతబడిపోయాయి. స్థలం యజమాని పక్కనే ఉన్న ఖాళీ నేలలో కొత్తది కట్టి కంపెనీకి అద్దెకిస్తానన్నాడు. నలభై అడుగుల ఎత్తు, ఒకేసారి ఆరు లారీలు ఆగే వసతి. ప్లాను గీసింది ఉజ్వల అనే అమ్మాయి. విశాఖపట్నంలో చదువుకుని, రాంచీలో ఉద్యోగం చేస్తోంది. ఆమె కాగితాల చుట్ట పట్టుకుని వచ్చిన రోజున మేనేజరు గౌరీశంకర్ త్రివేణిని పిలిచాడు. చూశానని ఒక సంతకం పెట్టమన్నాడు.

త్రివేణి కాగితం మీదికి వంగి చాలాసేపు చూసింది.

"ప్యాకింగ్ బల్లలు ఇక్కడ, ఆడవాళ్ల బాత్రూము అక్కడా? ఎంత దూరం అమ్మా?"

"నూట డెబ్బై మీటర్లండీ."

"మీటర్లు నాకు తెలీవు. నడిస్తే ఎంతసేపు?"

ఉజ్వల ప్లాను మీద ఆ దారి వెంట వేలు నడిపింది. ఆ పిల్ల నిజాయితీగా తల అడ్డంగా ఊపింది. అప్పుడు త్రివేణి మేనేజరు వైపు తిరిగి, ఈ బొమ్మను ఆ ఖాళీ నేల మీద సున్నంతో అసలు కొలతల్లో గీద్దాం, పనివాళ్లను అందులో నడిపిద్దాం అని హిందీలో చెప్పింది. గౌరీశంకర్ నవ్వాడు. కానీ త్రివేణి ఊరికే అడిగే మనిషి కాదని అతనికి తెలుసు. శనివారం ఒక పూట ఇచ్చాడు.

ఆ పూటకి ఇంకొకరు కావాలనుకుంది త్రివేణి. సాయంత్రం ఇంటికి వెళుతూ అప్పన్న గుమ్మం ముందు ఆగింది.

అప్పన్న అదే గోదాంలో సరుకు మోసేవాడు. మూడేళ్ల కిందట ఒక మలుపు దగ్గర సరుకు ఎత్తే ఫోర్క్‌లిఫ్టు బండి అతని కుడి పాదం మీదుగా వెళ్లింది. పాదం దక్కింది గాని దాని మీద బరువు మోపలేడు. పనివాడి అజాగ్రత్త అని రిపోర్టులో రాశారు. దాంతో పనీ పోయింది.

"ఏటమ్మీ, ఇలగొచ్చినావు?" అన్నాడు అరుగు మీద నుంచే.

"కొత్త గోదాం కడతన్నారు బాబాయ్. శనివారం నేల మీద గీసి, నడిసి సూత్తాం. నువ్వు కూడా రావాల."

"నాకేటి పనక్కడ? అజాగ్రత్తగాడినని కాయితం రాసీసినారు కదా."

త్రివేణి అరుగు కింది మెట్టు మీద కూర్చుంది. "ఆ కాయితం రాసింది నానే బాబాయ్. పైవోళ్లు సెప్పినారు, నాను రాసీసినాను. తప్పు నీది కాదని తెలిసే రాసినాను."

అప్పన్న భార్య జోగమ్మ గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. త్రివేణి ఎప్పుడొచ్చినా టీ ఇవ్వందే పంపని మనిషి, ఈసారి వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

"మూడేళ్లు నా ఎదురుగానే తిరిగినావు," అన్నాడు అప్పన్న.

"ఉద్యోగం పోద్దని బయపడినాను."

వీధిలో ఆటో ఒకటి వెళ్లింది. అతను కుడి పాదాన్ని చేత్తో ఎత్తి సరిగ్గా పెట్టుకుని అడిగాడు.

"శనివారం ఎన్ని గంటలకి?"

శనివారం పొద్దున్నే అందరూ సున్నంతో గీతలు గీశారు. గోడలున్న చోట గీత, అరలున్న చోట ఖాళీ అట్టపెట్టెల దొంతరలు. మొదట్లో ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. కాసేపటికి ఆ నవ్వులు ఆగి, నిజంగానే పనిచేస్తున్నట్టు నడవసాగారు. అరల చుట్టూ తిరిగి బాత్రూముకు వెళ్లి రావడానికి ఏడు నిమిషాలు పట్టింది. ఉజ్వల గడియారం చూసి అది రాసుకుంది. కూర్చుని అన్నం తినే చోటు ఎక్కడని ఒకామె అడిగితే, ప్లానులో అసలు అలాంటిదే లేదని తేలింది.

అప్పన్న చేతికర్రతో మెల్లగా తిరిగి, ఒక మలుపులో పెట్టెల దొంతర పక్కన ఆగాడు. అవతల ఫోర్క్‌లిఫ్టు నడుపుతున్న సూరజ్‌ను కేకేసి, తను కనిపిస్తున్నాడా అని హిందీలో అడిగాడు.

"లేదు చాచా! ఎక్కడున్నావు?" అన్నాడు సూరజ్, బండి ఆపి.

అప్పన్న ఉన్నది బండికి నాలుగడుగుల దూరంలో. పాత గోదాంలోని ఆ మలుపే కొత్త ప్లానులోకీ వచ్చేసింది. ఉజ్వల ప్లాను తెరిచి ఆ మలుపు చుట్టూ పెన్నుతో గీత గీసింది.

త్రివేణి నేరుగా గౌరీశంకర్ దగ్గరికి వెళ్లింది. "సర్, ఆ రిపోర్టు మీరు చెప్పినట్టు రాశాను. అది అబద్ధం. తప్పు ఆ మలుపుది. మళ్లీ రాస్తాను, నా సంతకంతోనే. ఆ తర్వాత మీరేం చేసినా సరే."

అందరూ చూస్తున్నారు. గౌరీశంకర్ ఫోర్క్‌లిఫ్టు దగ్గరికి నడిచాడు. సూరజ్‌ను దింపి తను ఆ సీటెక్కి కూర్చుని, అప్పన్న వైపు చూశాడు. దొంతర తప్ప ఏమీ కనపడలేదు. దిగివచ్చాక అతని గొంతు తగ్గింది. "రాయండి. కింద నేనూ సంతకం పెడతాను," అన్నాడు.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. లారీలు ఆగే వైపు పడమటి ఎండ కొడుతుంది, దిక్కు మార్చమంటే రోడ్డు అటే ఉందని యజమాని ఒప్పుకోలేదు. ముందుకు చాచిన రేకుల చూరు ఒకటి మాత్రం వేయించాడు. మనుషుల దారి, బండ్ల దారి వేరయ్యాయి. మధ్యలో ఇనుప కంచె పడింది. బాత్రూము బల్లల పక్కకు వచ్చింది. భోజనాల గది కోసం మాత్రం త్రివేణి మూడు నెలలు తిరగాల్సి వచ్చింది. రిపోర్టు మార్చాక అప్పన్నకు లారీలను వరస ప్రకారం లోపలికి పిలిచే పని ఇస్తామన్నారు. అతను రెండు వారాలు ఆలోచించి, కుర్చీ మంచిదైతేనే వస్తానన్నాడు. జోగమ్మ మాత్రం ఇప్పటికీ త్రివేణితో ముక్తసరిగానే మాట్లాడుతుంది. త్రివేణి దాన్ని తప్పుపట్టదు.

కిందటి నెల కంపెనీవాళ్లు ఖరగ్‌పూర్‌లో మరో గోదాం కడుతూ త్రివేణిని పిలిచారు. ఆఫీసు పనిమీద ఆమె రైలెక్కడం అదే మొదలు. ప్యాకింగ్ నుంచి ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లింది. అక్కడ చల్లటి గదిలో పెద్ద తెర మీద ప్లాను చూపించి, ఎలా ఉందని అడిగారు. ఆమె గది అంతా కలియజూసి, "ఇందులో పనిచేయబోయేవాళ్లు ఏరీ?" అంది. ఎవరో లేచి వాళ్లను పిలవడానికి వెళ్లారు.