నూట ఇరవై చూపించేదాకా

ఆ క్లినిక్‌లో డాక్టరుగారి మాటకైనా ఎదురుండేదేమో గానీ, నర్సమ్మ చేతికి మాత్రం ఎదురు లేదు. పొద్దున్న ఎనిమిదింటికి తలుపులు తీయగానే ఆవిడ బీపీ మెషీను పట్టీని తన ఎడమ చేతికే చుట్టుకుని గాలి కొట్టుకునేది. ముల్లు నూట ఇరవై దగ్గరుంటే మెషీను మంచిది. లేదంటే మెషీనుకు జబ్బు చేసినట్టు. ఇరవై రెండేళ్లలో రెండుసార్లు నిజంగానే మెషీను పాడైంది కూడా. దాంతో ఆవిడకు తన చేతి మీద గురి కుదిరిపోయింది. మనిషి చెయ్యి కూడా పాడవుతుందని చెప్పేవాళ్లు లేకపోయారు. చెప్పినా వినేది కాదనుకోండి.

ఆ తర్వాత జనం. వచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే పాఠం.

"మాత్ర మింగితే సరిపోదు. వేళకి తినాలి, వేళకి పడుకోవాలి, రోజూ కాస్త నడవాలి. మనసులో ఉన్నది ఎవరితోనైనా చెప్పుకోవాలి. మన ఒంటిని మనం చూసుకోకపోతే ఎవరు చూస్తారు?"

ఈ పాఠం ఆవిడ నిలబడే చెప్పేది. కూర్చుంటే కళ్లు మూతలు పడేవి మరి.

నాలుగున్నరకే లేవాలి. తుంటి ఎముక విరిగి ఎనిమిది నెలలుగా మంచం మీదున్న అత్తగారికి ఒళ్లు తుడవాలి, పక్క గుడ్డలు మార్చాలి, తినిపించాలి. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే భర్తకు క్యారేజీ సర్దాలి. అత్తగారిని పక్కింటావిడకు అప్పజెప్పి పరుగున క్లినిక్‌కు రావాలి. సాయంత్రం ఇల్లు చేరితే, వీధిలో ఎవరికో ఇంజెక్షను, ఇంకెవరికో కట్టు. ఏ పూట తింటోందో, ఏ పూట మానేస్తోందో ఆవిడకే తెలియదు. కొన్నాళ్లుగా మెడ వెనక ఒకటే పోటు. తడిగుడ్డ వేసుకుని తిరిగేది. అలిసిపోయానని చెప్పుకోవడానికైనా ఓపిక ఉండాలి కదా, అదీ లేదు.

ఒక సోమవారం ముల్లు నూట ఎనభై దగ్గర కొట్టుకుంది. పట్టీ విప్పి మళ్లీ చుట్టింది. కుడి చేతికీ చుట్టి చూసింది. అదే నూట ఎనభై.

"మెషీను పోయింది," అంది.

మెకానిక్ వచ్చి పట్టుకెళ్లాడు. ఏ లోపమూ లేదని మర్నాడు తెచ్చిచ్చాడు. ఆవిడ మళ్లీ పంపింది. ఆ రోజుల్లో డాక్టరుగారు ఇళ్లకు వెళ్లేటప్పుడు తీసుకెళ్లే తన సంచిలోని మెషీనుతో పని నడిపారు. నర్సమ్మ దాన్ని మాత్రం తన చేతికి చుట్టుకోలేదు. తీరిక లేకనో, భయంవల్లనో, అడిగితే ఆవిడైనా చెప్పగలిగేది కాదు.

"నా చేతికి పెట్టుకుని చూశానమ్మా, బానే ఉంది," అన్నాడు మెకానిక్ రెండోసారి.

"నీ చెయ్యి ఎవడిక్కావాలి నాయనా? నా చేతికి నూట ఇరవై చూపించేదాకా దాన్ని ఇక్కడికి తేవద్దు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అని గొణుక్కున్నాడు గానీ, తిరిగి తిరిగి అతనికీ విసుగొచ్చింది. ఆవిడ చేతికి పట్టీ చుట్టి, మెషీను వెనక మూత విప్పి, లోపలి స్ప్రింగు సర్దుతూ కూర్చున్నాడు. ముల్లు మెల్లగా నూట ఇరవైకి దిగింది.

"ఇప్పుడు చూడు, ఎంత బుద్ధిగా ఉందో," అందావిడ.

ఆ రోజు నుంచి వచ్చినవాళ్లందరి బీపీ తగ్గిపోయింది. మన పాఠం జనానికి ఎక్కుతున్నట్టుందని డాక్టరుగారు ముచ్చటపడ్డారు. ఎదురు దుకాణం టైలరుకు నూట పదే చూపించింది. రోజూ వేసుకునే మాత్ర సగం చేశారు. "నడక మానకండి," అని నర్సమ్మ అతన్ని మెచ్చుకుంది కూడా.

పన్నెండో రోజు ఆ టైలరు కుట్టుమిషను మీదే ఒరిగిపోయాడు. నలుగురు మోసుకొచ్చారు. మాట ముద్దగా వస్తోంది. నర్సమ్మ పట్టీ చుట్టింది. నూట ముప్పై. డాక్టరుగారు ఆ మనిషి ముఖం చూసి, ముల్లును చూసి, తన సంచి తెరిచారు. ఆయన మెషీనులో నూట తొంభై అయిదు.

మందు పడ్డాక రెండు గంటలకు టైలరు మాట తేటపడింది. అప్పుడు డాక్టరుగారు రెండు మెషీన్లూ బల్ల మీద పెట్టి అడిగారు. నర్సమ్మ ఏదీ దాచకుండా చెప్పింది.

"చెయ్యి ఇటివ్వండి," అన్నారాయన.

"నాకేం డాక్టరుగారూ. ముందు వాళ్లందరికీ ఫోన్లు చేసి పిలిపించాలి. రిజిస్టరులో నలభై ముగ్గురున్నారు."

"ఫోన్లు నేను చేస్తాను. మీరు కూర్చోండి."

కూర్చుంది. సంచిలోని మెషీను నూట తొంభై చూపించింది. శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది ఆవిడ పని. ఇన్నాళ్లూ తనకేమైనా అయితే తనకే కదా అనుకుంది. తన ఒంటిని తను పట్టించుకోకపోతే ఎదుటి మనిషి మాట పడిపోతుందని అనుకోలేదు. మంచం మీద టైలరు వేళ్లు ముడిచి తెరుస్తూ చూసుకుంటున్నాడు, మళ్లీ సూదిలో దారం ఎక్కించగలడో లేదోనని. ఆ వేళ్ల వంక చూడలేక సిగ్గుతో తల దించుకుంది.

"మీవారికి చెప్పండి," అన్నారు డాక్టరుగారు ఫోను ముందుకు జరిపి.

"ఎవరికి బాగోలేదు?" అని అడిగాడు భర్త, గొంతు వినగానే. పనివేళ ఆవిడ ఫోన్ చేసిందంటే ఎవరికో ఏదో అయిందని, ఇంటికి ఆలస్యమవుతుందని అర్థం.

"నాకు."

అవతల ప్రెస్సు ఆపేసిన చప్పుడు వినిపించింది.

"ఏం చెయ్యాలి?" అన్నాడు.

వేలమంది అడిగిన ప్రశ్నే. పాఠమంతా ఆవిడకు కంఠతా వచ్చు. అందులో ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు.

"నడవలేను. వచ్చి తీసుకెళ్లండి," అంది.

పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది. తన కోసం రమ్మని ఆయన్ని పిలవడం అదే మొదటిసారి.