పిన్ని క్రీములో నిల్వమందు

మా పిన్నికి తనకా అనే చెట్టు చెక్క అరగదీయడమంటే పూజలాంటిదే. రాతి పలక మీద నీళ్లు చిలకరించి, చెక్కను గుండ్రంగా తిప్పి గంధంలా తీస్తుంది. బోటాటౌంగ్ పేటలో మా వీధి ఆడవాళ్లంతా బుగ్గలకి చలవని పూసుకునేదే. పిన్ని మాత్రం అందులో సంచౌంగ్ బజారులో కొన్న, ముఖం తెల్లబడే క్రీము కలిపి, వారానికి సరిపడా సీసాలో పెట్టుకునేది. ఉత్త తనకా ముద్ద మర్నాటికే పులుస్తుంది. పిన్నిది పులిసేది కాదు. ఎందుకో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు, అలాంటి బుర్ర నాది.

పిన్ని బుగ్గల మీద ఎర్రమచ్చలు లేచాక ఆ ఆత్రానికి భయం తోడయింది. నేను పనిచేసే ల్యాబ్‌లో క్రీములు పాడవకుండా కలిపే నిల్వమందు ఎంతుందో చూస్తాం. పిన్ని క్రీము డబ్బా మీద సర్కారు రిజిస్ట్రేషన్ నంబరు లేదు, తయారుచేసినవాళ్ల పేరూ లేదు. నంబరున్న క్రీము ఇంకొకటి కొని, పైవాళ్లని అడిగి, రెండూ పరీక్షకి పెట్టాను. దొంగ సరుకులోనే నిల్వమందు దండిగా ఉంటుందని ముందే తీర్పు చెప్పేసుకున్నాను.

తీరా చూస్తే నంబరున్నదాంట్లో మందు పరిమితి అంచుదాకా ఉంది. నంబరు లేనిదాంట్లో దాదాపు లేనే లేదు. నమ్మలేక మళ్లీ చేశాను. అదే ఫలితం. మరి ముద్ద ఎందుకు పులవదు? బుర్రలో అదే తిరుగుతుండగా ఇంటికొచ్చి, ఫలితం పిన్నికి చెప్పేశాను.

పిన్ని ముఖం వెలిగిపోయింది. "సూసేవా! మందుల్లేవంట. నానెప్పుడో సెప్పినాను," అంటూ, అప్పుడే స్నానం చేయించిన మనవరాలి బుగ్గకి ఆ ముద్ద పూయబోయింది.

గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. "ఆగు పిన్నీ! నాను సూసింది నిల్వమందు ఒక్కటే. ముద్ద పులవకుండా ఇంకేదో ఆపతంది. తెల్లబడ్డానికి కలిపే పాదరసమేమో. దానికి పరీక్ష వేరే."

"పాదరసమేటే? తర్మామీటర్లోదా?"

"అదే."

పిన్ని చెయ్యి వెనక్కి తీసుకుంది. నా ప్రాణం కుదుటపడింది.

"నువ్వు సూసి సెప్పేదాకా పాపకి రాయన్లే," అంది. తర్వాత ఆ వేలిని తన బుగ్గకే తుడుచుకుంది. "నా మొకానికి ఇప్పుడింక ఏటవుతాదిలే."