పులి బొమ్మ చెడిపోతుందని

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మార్చి నెలలో, గోదావరిఖనిలోని బొగ్గు కంపెనీ వర్క్‌షాప్‌లో మెకానికల్ ఫోర్‌మన్‌గా ఉన్న నాకు ఒక పాత స్టాఫ్ బస్సును అప్పగించారు. దాన్ని క్యారవాన్‌గా, అంటే లోపలే వండుకోవడానికి, పడుకోవడానికి, స్నానం చేయడానికి వీలుండే బండిగా మార్చాలి. కాగితం మీద అది తనిఖీకి వచ్చే పెద్ద అధికారుల విశ్రాంతి కోసం. అసలు ఎవరి పిక్నిక్‌ల కోసమో వర్క్‌షాప్‌లో అందరికీ తెలుసు.

అయినా పని నాకు నచ్చింది, ఆ మాట దాచను. ముప్పై ఏళ్లుగా డంపర్ల కింద పడుకుని గ్రీజు పూసుకున్నవాడికి మంచాలు, వంటగట్టు బిగించే పని పండగలా ఉంటుంది. సీట్లు పీకించి, కప్పు లోపలి వైపు వేడి ఆగేలా థర్మాకోల్ పరిపించి, పైన ప్లైవుడ్ కొట్టించాం. నిండిన నీళ్ల ట్యాంకు బరువు బండిని ఒక పక్కకు లాగకుండా దాన్ని మధ్యలో పెట్టాం. ఏసీకి కరెంటు కావాలి కనుక వెనక డిక్కీలో చిన్న డీజిల్ జనరేటర్ కూర్చోబెట్టాం.

డ్రైవర్ ఓదెలు రామకృష్ణాపూర్ మనిషి, అప్పటికి ముప్పై అయిదేళ్లవాడు. ఈ బండి తనకే ఇస్తారని తెలిసినప్పటి నుంచి డ్యూటీ దిగాక కూడా వచ్చి మాతో పాటు స్క్రూలు బిగించేవాడు. “కాక, డంపర్ తోలి తోలి నడుం పోయింది. ఈ బండి తోల్తె నేను గూడ మనిషినైత” అనేవాడు.

చిక్కంతా జనరేటర్ పొగ గొట్టంతో వచ్చింది. నేను గీసిన ప్రకారం అది బండి పక్కనుంచి పైకెక్కి కప్పు దాటాక పొగ వదలాలి. అయితే వర్క్‌షాప్‌కు పెద్ద అయిన మా ఇంజనీరు ఆ పక్కనే నిలువెత్తు పులి బొమ్మ వేయించాడు. గొట్టం సరిగ్గా పులి మొహం మీద పడుతుంది. బొమ్మ చెడిపోతుందని, పొగను బండి కిందనే వదలమని ఆయన ఆదేశం. నోటిమాటే, కాగితం లేదు.

గని దిగిన ప్రతివాడికీ కార్బన్ మోనాక్సైడ్ గురించి తెలుసు. దానికి రంగుండదు, వాసనుండదు, మనిషి నిద్ర వస్తోందనుకుంటూనే పోతాడు. సేఫ్టీ సెక్షన్‌లో గ్యాస్ డిటెక్టర్ అడిగి తెచ్చాను. జనరేటర్ వేసి, డిటెక్టర్‌ను మంచం మీద పెట్టి, తలుపులు మూసి బయట అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. చేతిలో టీ చల్లారకముందే అది మోత పెట్టింది. వైర్ల కోసం నేలకు వేసిన రంధ్రాల గుండా పొగ లోపలికి వస్తోంది. డిటెక్టర్ చూపిన అంకె గనిలో కనిపిస్తే మనుషులందరినీ అప్పటికప్పుడు పైకి పంపేస్తారు.

మా పనిలో ఒక పద్ధతుంది. యంత్రంలో లోపం చూసినవాడు స్విచ్‌కు తాళం వేసి, తన పేరు రాసిన ఎర్ర ట్యాగు కడతాడు. కట్టినవాడే విప్పాలి, ఎంత పెద్ద అధికారైనా ముట్టుకోకూడదు. నేను ట్యాగు కట్టి లాగ్‌బుక్కులో కారణం రాశాను.

మే నెలలో ఒక శుక్రవారం ఇంజనీరు నన్ను పిలిపించాడు. మర్నాడు ఆయన కుటుంబం చెన్నూరు వైపు గోదావరి ఒడ్డున క్యాంపుకు వెళ్తోంది. ట్యాగును ఆయన ముట్టుకోలేదు, నా చేతే విప్పించాడు. రెండు రోజులు ఆగితే గొట్టం పైకి లేపుతానన్నాను. తిరిగొచ్చాక చూద్దామన్నాడు, అప్పటిదాకా కిటికీలు తెరిచే జనరేటర్ వాడతామన్నాడు. నేను ఒప్పుకున్నాను. మే ఎండలో ఏసీ వేసుకుని కిటికీలు బార్లా తెరుచుకునే మనిషి మా ప్రాంతంలో ఎక్కడైనా ఉన్నాడా? ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. రిటైరయ్యే ముందు ఎందుకీ గొడవ అనుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

శనివారం భోజనాలయ్యాక, ఉదయం నుంచి బండి తోలిన ఓదెలును కాసేపు లోపల పడుకోమని చెప్పి అందరూ నీళ్ల దగ్గరికి వెళ్లారు. అతను ఏసీ వేసుకుని, ఎవరైనా చేసేటట్టే కిటికీలు మూసుకుని పడుకున్నాడు. టీ ఫ్లాస్కు కోసం వచ్చిన ఇంజనీరు భార్య ఎంత పిలిచినా లేవలేదు. ఆమే అతని రెక్కలు పట్టుకుని బయటికి ఈడ్చింది. ప్రాణం దక్కింది. కానీ తల తిరగడం, చేతుల వణుకు తగ్గలేదు. స్టీరింగుకు పనికిరాడని మెడికల్ బోర్డు రాసేసింది.

దవాఖానలో ఓదెలు నన్ను తిట్టలేదు. “కాక, కిటికీలు తెరిచి పెట్టాలని నీకు ఎరికేనా?” అని అడిగాడు. ఎరికేనన్నాను. “మరి నాకెవ్వలు చెప్పలేదు గద” అన్నాడు. ఇంజనీరు అతనికి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

వారం తిరగకుండానే ఓదెలుకే ఛార్జిషీటు ఇచ్చారు. కిటికీలు మూసి జనరేటర్ నడిపిన నిర్లక్ష్యమట. అది చదివి నా ఒళ్లు మండిపోయింది. సిగ్గులేనివాళ్లు, మంచం మీదున్న మనిషి చేతికి ఆ కాగితం ఇచ్చారు. లాగ్‌బుక్కు పట్టుకెళ్లి, ట్యాగు ఎందుకు కట్టానో, ఎవరు చెబితే విప్పానో రెండు పేజీల వాంగ్మూలం రాసిచ్చాను. మీ పేరు కూడా బయటికొస్తుందని విచారణ కమిటీలో ఒకాయన హితవు చెప్పాడు. రానివ్వండి అన్నాను. ఛార్జిషీటు వెనక్కి తీసుకున్నారు. నాకు మందలింపు లేఖ ఇచ్చారు, అది న్యాయమే. ఇంజనీరు ప్రమోషన్ మీద వేరే ఏరియాకు వెళ్లాడు. ఓదెలును పంపుహౌసులో కూర్చోబెట్టారు. పులి మొహం మీదుగా గొట్టం ఎక్కించడానికి ఒక వెల్డరుకు ఒకటిన్నర రోజు పట్టింది.

లోపం యంత్రంలో ఉంటే యంత్రంలోనే సరిచేయాలి. జాగ్రత్తగా వాడతామన్న మాట మరమ్మతు కాదు. ఆ మాట చెవిన పడని మనిషి ఒకడు ఆ బండి ఎక్కే తీరుతాడు.