బొంగరానికి బరువు కోటు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదని నా గట్టి నమ్మకం. కొత్త డిగ్రీ, మెడలో వేలాడే ఫొటో కార్డు, భుజాన ఆటవస్తువులతో ఉబ్బిపోయిన సంచి. కుప్పంలో పుట్టి పెరిగిన దాన్ని, మదనపల్లెలో గది అద్దెకు తీసుకొని, పొద్దున్నే బస్సెక్కి పుంగనూరు చుట్టుపక్కల పల్లెబడులకు తిరిగేదాన్ని. ఉద్యోగం పేరు ఆక్యుపేషనల్ థెరపిస్టు. పెన్సిలు పట్టుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, తరగతిలో కుదురుగా కూర్చోవడం కష్టమయ్యే పిల్లలకు అవి చేతనయ్యే దారి చూపించడం నా పని. ఇంత వివరంగా చెప్పినా బస్సు కండక్టరు మాత్రం, "ఆక్యుపేషనంటే ఉద్యోగమే గదా మేడం, మా బామ్మర్ది డిగ్రీ సేసి ఊరక కూసోనుండాడు, వానికొకటి సూడండి" అని రోజూ అడిగేవాడు. (ఆ బామ్మర్దికి తర్వాత నా ఉద్యోగం కంటే మంచిదే దొరికింది. అందులో నా చెయ్యేమీ లేదు.)

సోమల పోయే దారిలో ఒక పల్లెబడి ఉండేది. దాని హెడ్మాస్టరుగారిని పిల్లలు చాటుగా హుష్ సార్ అనేవారు. రోజంతా ఆయన నోట వచ్చేది ఒకటే మాట: "హుష్, గమ్మున కూసోండి." పాఠం మొదట్లో అదే, చివరా అదే. ఫోనులో భార్యతో కూడా ఒకసారి అలాగే అన్నారని, ఆ సాయంత్రం ఇంటికి పోవడానికి జంకారని చెప్పుకునేవారు. మంచి మనిషే. కానీ ఒకటో తరగతిలో ఒక పిల్ల దగ్గర ఆయన మంత్రం పారలేదు. ఆ పిల్లను ఊరంతా బొంగరం అని పిలిచేది. కూర్చోబెట్టిన చోట క్షణం ఉండదు. పలకతో కిటికీ దగ్గర తేలుతుంది, పలక లేకుండా వాకిట్లో తేలుతుంది, వెతికేలోపు పక్క తరగతిలో ఎక్కాలు వింటూ ఉంటుంది. అది కావాలని చేసే అల్లరి కాదు. పట్టుకొని కూర్చోబెడితే కళ్ళనీళ్ళు పెట్టుకొని, "నేను కూసుంటాను మేడం, నా కాళ్ళే పోతాండాయి" అనేది, ఆ కాళ్ళు ఇంకెవరివో అయినట్టు.

ఒకరోజు హుష్ సార్ నన్ను పక్కకు పిలిచారు. "వచ్చే నెల పుంగనూరు నుంచి తనిఖీకి పెద్దసారు వస్తాండాడు మేడం. ఆ పొద్దు ఈ పిల్ల ఒక్క పీరియడు కూసుంటే సరి. లేదంటే ఇంటికాడ ఉండి సదివే పిల్లల్లో రాసేయమంటాను. నాకూ ముప్పై మంది ఉండారు గదా." ఇంటి దగ్గర చదవడమంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. ఎవరో ఎప్పుడో వెళ్ళి పలకరించి వస్తారు, అంతే. ఆ మాట బొంగరం వాళ్ళ అవ్వకు చెబితే, ఆమె కోపం కూడా తెచ్చుకోలేదు. "వాళ్ళమ్మ టమేటా కోతకు పోతాది. నేను మేకలను తోలుకొని పోతాను. ఇంట్లో ఉంటే యాడికి పరిగెత్తి యా బాయిలో పడతాదో. లచ్చిమికి ఏసినట్టే ఈమెకూ ఒక పలుపు ఏసి గుంజకు కట్టిపెట్టి పోవాల్సిందేనమ్మా" అంది. లచ్చిమి అంటే వాళ్ళ పొట్టి ఆవు. పలుపు అంటే దాని మెడతాడు. అంతవరకు నవ్వుతూ వింటున్న నాకు ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. ఆ రాత్రి నా పుస్తకాలన్నీ ముందేసుకొని కూర్చున్నాను.

కొంతమంది పిల్లలకు ఒంటిమీద కాస్త బరువు ఆనితే ఒళ్ళు నిమ్మళిస్తుంది, కాళ్ళు నిలుస్తాయి. అందుకని చేతుల్లేని కోటు ఒకటి కుట్టించి, దాని జేబుల్లో ఇసుక నింపి తొడగాలని నిర్ణయించాను. పుంగనూరు బజారులో టైలర్ భాయి కొలతలన్నీ రాసుకొని, ఇసుక మాట వినగానే సుద్దముక్క కింద పెట్టేశాడు. "బిడ్డ ఎద మీద మన్నా? నకో మేడం, వద్దు. మాలోనైనా మీలోనైనా అది మనిషికి ఆఖర్న ఏసేది గదా." నేను ఒక చిరునవ్వు నవ్వి, "భాయి, ఇది సైన్సు" అన్నాను. (ఆ చిరునవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే గిల్లుకోవాలనిపిస్తుంది.) భాయి సైన్సు మీద గౌరవంతో కుట్టి ఇచ్చాడు, ఊరికే ఉండలేక అంచుకు ఎర్ర రిబ్బను కూడా వేశాడు. ఉతకడానికి వీలుగా జేబులకు గుండీలు పెట్టించాను. ఇసుక నేనే జల్లించి, కడిగి, ఎండబెట్టి నింపి, అవ్వ చేతికిచ్చాను.

కోటు పనిచేసింది. రెండో రోజుకే బొంగరం బల్ల దగ్గర కూర్చొని అ, ఆ దిద్దుతుంటే నేను గాల్లో తేలిపోయాను. కుప్పానికి ఫోన్ చేసి, "అమ్మా, నేనొక బిడ్డను కూర్చోబెట్టాను" అని చెబితే మా అమ్మ, "నువ్వెప్పుడు కూసుంటావే ఒకతావున" అంది. ఆమె మాట నేను పట్టించుకోలేదు. కోటు మొదటికంటే కాస్త తేలికైనట్టు అనిపిస్తే, పిల్లకు బలం వచ్చిందని అనుకున్నాను. దాన్నుంచి పశువుల కొట్టం వాసన వస్తుంటే, పల్లెటూరి ఇల్లు కదా అనుకున్నాను. లచ్చిమి రోజూ ఆ పిల్ల వెనకాలే బడి గేటు దాకా వచ్చి, లోపలికి చూస్తూ నిలబడుతుంటే, జంతువులకూ పిల్లలకూ మధ్య ఉండే అనుబంధం గురించి హుష్ సార్‌కు ఒక ఉపన్యాసమే ఇచ్చాను. ఉపన్యాసమంతా గోడ ఇవతల నుంచే ఇచ్చాను. ఎందుకంటే నాకు ఆవులంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు కుప్పం బస్టాండులో ఒక ఆవు నా చేతిలో అరటిపండుతో పాటు సగం గౌను కూడా నమిలేసింది.

పెద్దసారు వచ్చే ముందురోజు రాత్రి మంచి వాన. పొద్దున నేను పట్టుచీర కట్టుకొని (అవును, పట్టుచీరే, ఎందుకని నన్నడగకండి) బడికి పోయేసరికి బొంగరం తడి కోటులో ముందు వరుసలో కూర్చొని ఉంది. "దండెం మీదనే ఉండిపోయింది మేడం" అంది. పరవాలేదులే, ఇసుక తడిస్తే ఇంకా బరువు అనుకొని సంతోషించాను. పెద్దసారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. హుష్ సార్ నల్లబల్ల దగ్గర పాఠం మొదలుపెట్టారు. నేను బొంగరం కాళ్ళనే చూస్తున్నాను. కాళ్ళు కదలలేదు. సగం పీరియడు గడిచింది. ఇంకాస్త ఓపిక పట్టు తల్లీ అని మనసులో దండం పెట్టుకుంటున్నాను. అప్పుడు వాకిట్లో గంట గణగణమంది.

లచ్చిమి తెంచుకొని వచ్చేసింది. పొట్టి ఆవే, నా నడుము ఎత్తు కూడా లేదు, కానీ గేటు దాటి, మెట్టెక్కి, తలుపులో నుంచి నేరుగా తరగతిలోకి దూసుకొచ్చింది. చదువుకున్న దాన్నని, పెద్దసారు ఎదుట ఉన్నానని, ఏదీ గుర్తు లేదు. కెవ్వుమని ఒక్క కేక పెట్టి, కుచ్చెళ్ళు పట్టుకొని బల్ల ఎక్కేశాను. నన్ను చూసి పిల్లలంతా బెంచీలెక్కారు. భయంతో కాదు, మేడమే ఎక్కినాక తాము ఎక్కకూడదా అని. హుష్ సార్ కుర్చీ ఎక్కారు. పెద్దసారు ఎటు పోవాలో తోచక నా బల్లే ఎక్కి నా పక్కన నిలబడ్డారు. ఇద్దరి కిందా బల్ల కిర్రుమంది. ఆ గందరగోళంలో లచ్చిమి ఎవరినీ కన్నెత్తి చూడకుండా ముందు వరుసకు పోయి, బొంగరం కోటు జేబులో మూతి పెట్టింది. గుండీ ఊడి జారింది. లోపలి నుంచి నాని ఉబ్బిన ఉలవలు జలజలా రాలాయి.

పెద్దసారు కాసేపటికి తేరుకొని, కాగితాల్లో చదివిన సంగతి గుర్తొచ్చి, బల్లమీద నుంచే అడిగారు. "మాస్టారూ, కూర్చోలేని పాప అన్నారే, ఎవరండీ?"

హుష్ సార్ కుర్చీ మీద నుంచి గదంతా కలయజూశారు. అందరం నిలబడే ఉన్నాం. గది మొత్తానికి కూర్చొని ఉన్నది ఒక్కతే. ఆయన నెమ్మదిగా వేలు చూపించి, "ఆ... అద్దో, ఆ కూసోనుండేదే సార్" అన్నారు.

బొంగరం ఒక చేత్తో లచ్చిమి మెడ నిమురుతూ, మా అందరి వంకా జాలిగా చూసింది. చూసి, పెదవుల మీద వేలు పెట్టుకొని, "హుష్, గమ్మున కూసోండి. లచ్చిమి ఏం సేయదు" అంది.

మేము కూర్చున్నాం. ముందు పెద్దసారే కూర్చున్నారు, బల్ల దిగిపోయి ఆ పిల్ల పక్కనే. అప్పటికి అవ్వ రొప్పుతూ వచ్చింది. రాలిన ఉలవలు చూపించి ఇదేంటవ్వా అని అడిగితే, దాచలేదు. "బిడ్డ ఎద మీద మన్ను యాల పెడతానమ్మా. ఆ పొద్దే పారబోసి ఉలవలు పోసినాను. బరువు బరువే గదా. నువ్వు సదువుకున్నదానివి, సెప్తే బాధపడతావని గమ్మునున్నాను" అంది. పెద్దసారికి నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకొని, "ఈమెను ఇంటికి పంపేసి బళ్ళో ఎవరిని పెట్టుకుంటారు మాస్టారూ, కూర్చునేది ఈమె ఒక్కతేగా" అన్నారు. హుష్ సార్, "ఈడనే ఉంటాది సార్, ఎవరు పంపుతారు" అన్నారు, ఎవరో పరాయివాళ్ళు పంపుతామన్నట్టు. అవ్వ చేతిలో పలుపు ఉంది. దాన్ని లచ్చిమి మెడకు వేసి తోలుకొని పోయింది. బొంగరం అ, ఆలకు తిరిగి వచ్చింది. నేను బల్ల దిగి బయటికి పోయి, నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి నవ్వుతూ ఏడ్చాను.

బొంగరం ఇప్పుడు హైస్కూల్లో ఉంది, పరుగు పందేల్లో ముందుంటుందట. నేను మదనపల్లెలో ఒక కుర్చీకి అతుక్కుపోయి, ఈ ఉద్యోగానికి కొత్తగా వచ్చిన పిల్లలకు పని నేర్పుతున్నాను. బరువు కోట్లలో చింతగింజలు పోయిస్తాను, ఎవరైనా ఇసుక అంటే టైలర్ భాయి మాట చెబుతాను. కంప్యూటరు మీటింగు సాగి సాగి నా కాళ్ళు కూడా ఎటో పోతుంటే, బొంగరానికి పొట్టయ్యాక నా దగ్గరికి చేరిన ఎర్ర రిబ్బను కోటు తీసి ఒళ్ళో పెట్టుకుంటాను. ఒక కన్ను తలుపు మీదే ఉంటుంది. పట్టుచీర కుచ్చెళ్ళు పట్టుకొని బల్ల మీద నిలబడిన ఆ కొత్త డిగ్రీ పిల్ల అప్పుడు గుర్తొస్తుంది. ఎంత తెలుసనుకునేది, ఎంత గట్టిగా అరిచింది. ఆమెను దిగమనాలని మాత్రం నాకు అనిపించదు.