కోరుట్ల గంజిఫా కట్టకు నేను చేసిన అన్యాయం

పొద్దున ఆరుంబావుకు హైదరాబాద్ జేబీఎస్‌లో సిరిసిల్ల బస్సెక్కాను. చొక్కా జేబులో గుండ్రటి పేకముక్క ఒకటి ఉంది, దాని మీద మత్స్యావతారం. ఇది పాతకాలపు గంజిఫా ఆటది. బట్ట పొరల్ని చింతగింజల జిగురుతో అతికించి, చేత్తో బొమ్మలు గీసి, పైన లక్క పూసేవారు. వీటిని సేకరించడం, అసలో నకిలీయో చెప్పడం నాకు చాలాకాలంగా అలవాటు. సేకరించింది తక్కువ, చెప్పింది ఎక్కువ.

రెండేళ్ల కిందట కోరుట్లలో నర్సయ్య గారింట్లోనూ అలాగే చెప్పాను. తాత నాటి కట్ట అంటూ ఆయన మూట విప్పితే ముక్కలు తళతళా మెరిశాయి. భూతద్దం తీయకుండానే "కొత్తవండీ, టూరిస్టుల కోసం చేసినవి" అనేశాను. పక్కనే ఉన్న ఆయన బామ్మర్ది ఎల్లయ్య పడీపడీ నవ్వాడు. "దొంగ ముక్కలే అయితే ఒకటి నువ్వే ఉంచుకో సార్" అని నర్సయ్య గారు ఈ ముక్క నా చేతిలో పెట్టారు. పోయిన నెల దాని అంచు విడిపోయింది. లోపలి పోగులు పాతవిగా కనిపించాయి; తేల్చుకోవడానికే ఈ ప్రయాణం.

"గిదేంది సార్, గోలీల డబ్బ మూతనా?" అన్నాడు బస్సులో పక్కసీటాయన. గంజిఫా చరిత్ర మొదలుపెట్టాను. సిద్దిపేట రాకముందే నిద్రపోయాడు.

తొమ్మిదిన్నరకు సిరిసిల్ల. బస్టాండులో ఇడ్లీ తిని, తెలిసినవాళ్లు చెప్పిన సత్తయ్య గారి మరమగ్గాల షెడ్డుకు వెళ్లాను. ఆయన చిన్నప్పుడు గుంట మగ్గం మీద నేసిన మనిషి. మగ్గాల మోతకు మాట వినపడక ఇద్దరం బయటికొచ్చాం. కొత్తదని ఒకరన్నారు, నిజమేనా అని ముక్క చేతికిచ్చాను. ఆయన దాని అంచు నుంచి గోటితో ఒక పోగు లాగి, వేళ్ల మధ్య నలిపి, ఎండకు పట్టి చూశారు.

"సన్నం, లావు, మల్ల సన్నం. చేత్తోని వడికిన నూలు సార్. గిసొంటిది మిల్లుల రాదు. కొత్తదని ఎవలన్నరు?"

"నేనే."

"ఆనాడు భూతద్దం గిట్ల మరిచిపోయినవా?"

వేములవాడలో బస్సు మారి, చందుర్తి మీదుగా ఒంటిగంటకు కోరుట్ల చేరాను. నర్సయ్య గారింట్లో పాలగిన్నె మీద వామనావతారం, నీళ్ల చెంబు మీద కూర్మావతారం మూతలుగా ఉన్నాయి. "మా తమ్ముడు నవ్వినంక గిట్ల పనికొస్తున్నయ్" అంది ఆయన భార్య. నేను తప్పు ఒప్పుకున్నాను. మరి ఆ మెరుపేమిటని నర్సయ్య గారిని అడిగాను.

"తలుపులకు కొట్టంగ వార్నీష్ మిగిలితే వీటికి గూడ కొట్టిన. ఖరాబు గావద్దని. నువ్వు అడిగినవా సార్ అప్పుడు?"

అడగలేదు.

"నాకు చెప్తే ఏమొస్తది? రెండేండ్ల సంది ఏ పెండ్లికి పోయినా ఎల్లయ్య నన్ను 'డూప్లికేట్ బావ' అంటుండు. నడువ్, వాని ముంగట చెప్పు."

పప్పన్నం పెట్టాకే కదలనిచ్చారు. నర్సయ్య గారు ముక్కలన్నీ ఒక పెట్టెలో సర్ది వెంట తెచ్చారు. మూడు దాటాక జగిత్యాలలో ఎల్లయ్య బైకుల మెకానిక్ షాపులో ఉన్నాం. నేను చెప్పిందంతా అతను స్పానర్ తిప్పుతూనే విన్నాడు.

"అప్పుడు డూప్లికేట్ అన్నది నువ్వే, ఇప్పుడు అసలన్నది నువ్వే. బట్ట పాతదైతే బొమ్మ గూడ పాతదేనా? నా పాత ధోతి మీద రేపు బొమ్మ గీస్తే అసలైతదా?"

ప్రశ్న సరైనదే. ఇన్నేళ్లలో ఎన్నడూ అనని మాట అప్పుడు అన్నాను. "బొమ్మ ఎప్పటిదో నాకు తెలియదు. కొత్తదని చెప్పడానికి మాత్రం నా దగ్గర ఏ ఆధారమూ లేదు. వార్నీష్ చూసి మీ బావను నలుగురిలో అబద్ధాలకోరును చేశాను."

ఎల్లయ్య స్పానర్ పక్కన పెట్టి, నల్లటి చేతులు పెట్టె వైపు చాపాడు. నర్సయ్య గారు పెట్టెను చటుక్కున వెనక్కి లాక్కున్నారు. నా జేబులోని మత్స్యావతారాన్ని అందులో పెట్టేశాను. ఇంత జరిగాక కూడా "అమ్ముతారా?" అని అడగబోయిన నోటిని అతికష్టం మీద మూశాను.

నాలుగున్నరకు జగిత్యాల బస్టాండులో హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ సీటు దొరికింది. ఈ దారిన వెళ్లేవారు కోరుట్లలో నా పేరు చెప్పకపోతే మంచిది. కరీంనగర్ దగ్గర పడుతుండగా నర్సయ్య గారు ఫోన్ చేశారు.

"బామ్మర్ది ఏమన్నాడండీ?"

"ఏమన్లే సార్. సబ్బు పెట్టి రెండుసార్లు చేతులు కడుక్కొనొచ్చి, అప్పుడు ముక్కలను ముట్టుకున్నడు."