ఉత్తి ఫ్లాషు

మా ఆయన బాలస్వామి వినుకొండలో ఫోటోలు తీసేవారు. ఎనభై ఏడులో వీడియో కెమెరా అద్దెకు తెచ్చి, మొదటిసారిగా మా చర్చి పందిట్లో రెబ్కా అనే అమ్మాయి పెళ్లి తీశారు. అది బాగా రాకపోతే ఇంకెవరూ వీడియోకి పిలవరని ఆయన బెంగ.

పెద్ద లైటు వెలిగించగానే జనమంతా ఊపిరి బిగబట్టి కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు. వాళ్లెరిగింది ఫోటోనే. ఫ్లాషు మెరిసేదాకా కదలకూడదని వాళ్ల లెక్క.

"మాట్లాడుకోండమ్మా, ఇది వీడియో" అని ఆయన ఎంత మొత్తుకున్నా వినలేదు.

"ముందు ఫ్లాషు కొట్టవయ్యా, కళ్లు పోతున్నాయి!" అని పెళ్లికూతురి నాయనమ్మ కొండమ్మ కసిరింది.

ఆయన సంచిలోంచి పాత ఫ్లాషు తీసి ఉత్తినే మెరిపించి, "అయిపోయిందమ్మా!" అన్నారు. లైటు ఆర్పలేదు, కెమెరా ఆపలేదు.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. కొండమ్మ మనవరాలి బుగ్గ గిల్లి, "నీ మొగుడు ఇప్పుడు ఊపిరి పీల్చాడే!" అంది. పందిరంతా గొల్లున నవ్వింది.

ఆదివారం పెళ్లివారింట్లో టీవీలో ఆ క్యాసెట్టు వేస్తే ఈలలు, చప్పట్లు. ఆ ఏడాది చుట్టుపక్కల ఏ పెళ్లికైనా ఆయన్నే పిలిచారు.

ఇప్పుడు ఆయన లేరు. ఆ క్యాసెట్టులో ఆయన ముఖం ఎక్కడా కనపడదు. "అయిపోయిందమ్మా!" అనే గొంతు మాత్రం వినపడుతుంది. ఆ వెంటనే అందరూ నవ్వుతారు.