బల్లకి బిగించిన రగ్గు

బిలియర్డ్స్ బల్ల మాట ఎవరెత్తినా నేను అక్కణ్ణించి లేచిపోతాను. ఎందుకో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆవిడకీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ లోపలే పెట్టుకుని కుళ్ళిపోయాను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

యుద్ధం రోజులు. చీపురుపల్లిలో మాది బట్టల కొట్టు. కళింగపట్నంలో ఓ దొర ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన చిన్న బిలియర్డ్స్ బల్లని మోజుపడి తెచ్చుకున్నాను. చెక్క మీద పరిచిన పలకరాయి బాగానే ఉంది గానీ, పైనున్న పచ్చబట్టని చిమటలు కొట్టేశాయి. బంతి సగం దూరం వెళ్ళి పక్కకి పోయేది. కొత్త బట్ట ఎక్కడా దొరకలేదు.

అప్పుడే మనవాళ్ళు జపానువాళ్ళ బాంబులకి బర్మాలోని రంగం వదిలేసి, అడవుల్లో నడిచి నడిచి, కట్టుబట్టలతో మా స్టేషన్లో దిగుతున్నారు. వాళ్ళకోసం ఊరి పెద్దలు రగ్గులు పోగుచేశారు. నిజాయితీపరుణ్ణని పంచే పని నాకప్పగించారు. ఛీ! వాటిలో ఒకటి ముదురు పచ్చది, ఒత్తుగా, నున్నగా ఉంది. చూడగానే నాకు మనుషులు గుర్తుకు రాలేదు, బల్ల గుర్తొచ్చింది. ఇంటికి పట్టుకుపోయి దాచేశాను. దొంగతనమనిపించలేదా? ఒక్కటే కదా అనుకున్నాను.

మిగతావన్నీ పంచేశాక, ముసురు పట్టిన ఓ ఉదయం ఒకతను వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు. చలిజ్వరం. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఓ రగ్గు ఇప్పించమన్నాడు. అయిపోయాయన్నాను. సరేనని లేవబోతూ కిటికీలోంచి బల్లని చూశాడు. రంగంలో దొరల క్లబ్బులో ఇలాంటి బల్లలకి బట్ట బిగించే పనే చేసేవాణ్ణని చెప్పాడు.

అప్పుడైనా సిగ్గుపడాలి కదా. నేను సంతోషించాను. లోపలికి పిలిచి, ఆ రగ్గే అతని చేతిలో పెట్టాను.

రాయి అతుకుల్లో మైనం నింపాడు. రగ్గు నూగు ఎటు వాలుతుందో అరచేత్తో తడిమి చూసి, అటువైపే ఇస్త్రీ చేశాడు. వణుకు వచ్చినప్పుడల్లా బల్ల అంచు పట్టుకుని నిలబడేవాడు, తగ్గగానే మళ్ళీ లాగి మేకు కొట్టేవాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

చివరి మూలకొచ్చేసరికి అతని చేతులాగాయి. అక్కడ నల్లసిరా ముద్ర ఉంది. అతని తోటివాళ్ళకి నేను పంచిన ప్రతి రగ్గు మీదా ఊరి పెద్దలు వేయించిన ముద్రే. దాని సంగతే నేను మరిచిపోయాను. అతను నా మొహం చూడలేదు.

"ఈ మూల కిందకి మడిసేత్తాను బావూ. ఎవులికీ అగుపడదు," అన్నాడు.

"ఆఁ, కానీ," అన్నాను.

పెరట్లో ఆకు వేయించి అన్నం పెట్టించాను. పుణ్యం చేశాననుకున్నాను కూడా, తూ! మూడో రోజున స్టేషన్ దగ్గర సత్రంలో గోనెసంచి కప్పుకుని పోయాడని తెలిసింది. రగ్గుంటే బతికేవాడా? జ్వరం ముదిరిపోయింది, ఎలాగూ పోయేవాడేనని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో! అలా సర్దిచెప్పుకున్నందుకు నా మీద నాకు ఇంకా రోత.

బల్ల మాత్రం బ్రహ్మాండంగా ఆడింది. బంతి గీత గీసినట్టు పోయేది. ఎవరు బిగించారని స్నేహితులడిగితే నేనేనన్నాను. అతని పేరు చెబుదామన్నా నాకు తెలియదు. అడగలేదు.

ఇది రాయడానికి కూర్చునే ముందు ఆ మూల మేకులు పీకాను. ముద్ర ఇంకా చెదరలేదు. ఆ రగ్గు అతనిది. ఇన్నాళ్ళకి ఆ ఒక్క మాటా పైకి అనగలిగాను.